బాణం గుర్తున్న ఇత్తడి

అరవైల మొదట్లో తనకల్లు బడిలో ఐవారుగా పని చేసినప్పుడు నాకు పటాలం సామాన్ల పిచ్చి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వేలంలో అమ్మేసిన నీళ్ల సీసాలు, అన్నం డబ్బాలు, దిక్సూచులు సంతల్లో చౌకగా దొరికేవి. రైతులు వాటిలో విత్తనాలు పోసుకుంటే, నేను భూతద్దం పెట్టి గుర్తులు వెతికేవాణ్ణి. బాణం గుర్తు ఉంటే సర్కారు పటాలానిది. పక్కన సంవత్సరం కనపడాలి. సీసాకు బిరడా, బిరడాకు దారం అసలువే అయితే విలువ రెట్టింపు. మా ఆవిడ “పాతినుప అంగడి పెట్టుకోగూడదా?” అని దెప్పేది.

నాకు ఎక్కువ సామాన్లు తెచ్చిపెట్టినవాడు కళాయి సాయిబు. ఊరి చివర నేలకొలిమి పెట్టుకొని ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు, భార్య తిత్తి ఊదేది. చేతికి ఏది వచ్చినా ముందు నిప్పుల మీద పెట్టడం వాళ్ల అలవాటు. వేడికి మురికి వదులుతుంది, తర్వాత నవసాగరం పొడి చల్లి దూదితో తుడిస్తే తళతళమంటుంది. నా సామాన్లనూ అట్లాగే శుభ్రం చేసి ఇచ్చేవాడు. భలే చేశావప్పా అని మెచ్చుకునేవాణ్ణి.

అది వరసగా రెండో కరువు. జనం గిన్నెలకు కళాయి పూయించుకోవడం మాని గిన్నెలే అమ్ముకుంటున్నారు. సాయిబు ఇంట్లో పొయ్యి వెలగాలంటే నేను కొనాల్సిందే. గుట్టల అవతల బీడు భూముల్లో, యుద్ధకాలంలో పటాలంవాళ్లు ఫిరంగులు పేల్చి అభ్యాసం చేసేవారట. అక్కడ గొర్రెలు కాసేవాళ్లు ఏరిన ఇత్తడిని అతను సుత్తితో చితగ్గొట్టి తూకానికి అమ్మేవాడు. నేను చూడలేకపోయాను. “ముక్కలు చేయొద్దు. మొత్తం ఉన్నదానికి ఎక్కువిస్తా. అక్షరాలు కనపడితే ఇంకా ఎక్కువ” అన్నాను. ఆ మాట అన్నది నేనే.

ఒక శుక్రవారం సాయంత్రం అతను గోనెపట్ట విప్పి మూరెడు పొడుగు ఫిరంగి గుండు చూపించాడు. ఒళ్లంతా మట్టి పట్టిన ఇనుము. కొసన ఇత్తడి తల, అది ఊడలేదు.

“ఐవారూ, ఇది సూడండి! ఇన్ని దినాలకు మొత్తం దొరికినాది. ఏమిస్తారు?”

పేలినదైతే ఆ తల ఎప్పుడో ఎగిరిపోయి ఉండాలి. తల ఉందంటే అది పేలలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. పైకి చెబితే భయపడి పోలీసులకు ఇచ్చేస్తాడు, నా చేయి దాటిపోతుంది. ఇంటికి తీసుకుపోదామంటే నాకు పిల్లలున్నారు. ఆదివారం నాటికి ఊరి బయట ఏదో పాడుబడ్డ కొట్టం చూసుకొని అందులో దాచాలనుకున్నాను. నా ఇంట్లో పెట్టుకోవడానికి భయపడ్డదాన్ని అతని కొలిమి దగ్గర వదిలేశాను. ఛీ, నా మొహాన నేనే ఉమ్ముకోవాలి!

“ఆదివారం వచ్చి తీసుకుంటా. దీనికి సుత్తి మాత్రం తగలనియ్యొద్దు” అన్నాను.

“ఎందుకు ఐవారూ?”

“సొట్ట పడితే విలువ పోతాది.”

“అట్లనే” అని నవ్వి, దాన్ని గోనెలో చుట్టి తిత్తి పక్కన పెట్టాడు.

శనివారం బడిలో పాఠం చెబుతున్నా మనసంతా ఆ గోనె మీదే. రెండుసార్లు పోయి చెబుదామని లేచాను. విలువ పోతుందని అబద్ధమాడిన నోటితో ప్రాణం పోతుందని ఎట్లా చెప్పేది? సాయంత్రం చూద్దాంలే అని కూర్చున్నాను. మధ్యాహ్నం బడి గంట కొట్టడానికి కాస్త ముందు ఊరి చివర నుంచి ఒక్క చప్పుడు వినపడింది. మా వైపు బావుల్లో మందు పేల్చడం మామూలే కాబట్టి పిల్లలు తలైనా ఎత్తలేదు.

“యాడో బావి తవ్వుతాండారు” అన్నాడు తోటి ఐవారు.

ఆ ఏడు బావి తవ్వించేంత దుడ్లు ఊళ్లో ఎవరి దగ్గరా లేవు.

నేను పరుగెత్తి పోయేసరికి సాయిబు మీద దుప్పటి కప్పేశారు. కొలిమి ఉన్నచోట గుంట పడింది. అతని భార్య నీళ్ల వంతు కోసం బావి దగ్గర నిలబడి ఉండబట్టి బతికింది. ఖాళీ కడవ ఇంకా ఆమె చంకలోనే ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సుత్తి తగలనియ్యలేదు ఐవారూ, మీరు చెప్పినట్టే సేసినాడు” అంది ఏడుస్తూ. “అచ్చరాలు కనపడితే ఐవారు సంతోషపడతాడు, రవ్వంత సెగ సూపిస్తా అన్న్యాడు.”