బాలమ్మ గారి యూ టర్న్

పోయిన మనిషి తిరిగి రాదంటారు. నేను తిరిగి రప్పించాను. అదీ పట్టపగలు, పాడె మీద, డప్పులతో, సొంత ఇంటి ముందుకే. ఇందులో మంత్రం లేదు, మాయ లేదు. అంతా నా ఇంజనీరింగ్ చలవ. మీకు నవ్వొస్తే నవ్వండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను, చివరిదాకా నవ్వగలనో లేదో తెలీదు.

అప్పుడు నాకు కొత్త ఉద్యోగం. శంషాబాద్ పాత బజారును బాగుచేసే పనిలో ట్రాఫిక్ తగ్గించే భాగం నాకు అప్పగించారు. ఎయిర్‌పోర్టుకు పరుగెత్తే కార్లు, కొత్త అపార్ట్‌మెంట్ల స్కూటర్లు, కూరగాయల ఆటోలు, అన్నీ ఒకే రోడ్డు మీద. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని డివైడర్‌లో ఉన్న సందులన్నీ మూసిపారేశాను. అవతలికి వెళ్లాలంటే ఊరి చివర యూ టర్న్ దాకా వెళ్లి రావాల్సిందే. ఎవరూ దూకకుండా డివైడర్ పొడవునా ఛాతీ ఎత్తు ఇనుప గ్రిల్ కూడా ప్లానులో రాశాను. ముందుచూపు మరి!

ఆ రోడ్డు పక్కనే బాలమ్మ గారింట్లో కిరాయికి ఉండేవాణ్ణి. నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని గంజి తాగించిన మనిషి. ఒకరోజు నా మ్యాపు చూసి అడిగారు.

"బిడ్డా, గా సందు మూస్తే ఎదురుంగున్న మా జొన్న చెలకకు ఎట్ల పోవాలె?"

"యూ టర్న్ ఉందండీ. అక్కడిదాకా వెళ్లి తిరిగి రావడమే."

"మరి మా బర్రెలు?"

"అవీ అంతేనండీ. అలవాటైపోతుంది."

"ఏం సదువు సదివినవ్ బిడ్డా!" అని నవ్వి నా ప్లేట్లో ఇంకో జొన్నరొట్టె వేశారు. నేను దాన్ని మెప్పు అనుకున్నాను.

గ్రిల్ రంగు ఆరీ ఆరకముందే బాలమ్మ గారు నిద్రలోనే పోయారు. శ్మశానం ఆ చేను పక్కనే, ఇంటికి ఎదురుగా, రోడ్డు అవతల. భర్త మల్లయ్య గారికి మోకాళ్లు పనిచేయవు కాబట్టి అరుగు మీదే ఉండిపోయారు. కొడుకు యాదయ్య నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. పది అడుగులు వేసి గ్రిల్ ముందు ఆగాడు.

"ఇప్పుడేంది సార్?" అన్నాడు నావైపు తిరిగి. రోజూ తమ్మీ అని పిలిచేవాడు.

"యూ టర్న్..." అని గొణిగాను.

"పాడె లేచినంక ఇంటి దిక్కు మర్రొద్దు!" అన్నాడొక పెద్దాయన. "గక్కడికెళ్లి తిరిగొస్తే మల్ల ఇంటి ముంగటికే గదా వచ్చేది?"

"గ్రిల్ మీదికెళ్లి దాటిద్దాం," అన్నారెవరో.

"కట్లు తెగి కింద పడితే? అసలు గింత ఎత్తు ఎవడు పెట్టిండు?"

నేను ఆకాశం వంక చూశాను. మబ్బులు బాగానే ఉన్నాయి.

చివరికి యూ టర్న్‌కే బయల్దేరాం. వెనక కార్ల బారు. ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "జర జల్దీ నడువుండ్రి అన్నా, నా ఫ్లైట్ పోతది!" అని అరిచాడు.

"మా అమ్మ గూడ పోయేదే అన్నా, తొవ్వ దొరుకుతలేదు," అన్నాడు యాదయ్య.

ఊరి చివర మలుపు తిరిగి, రోడ్డు అవతలి పక్కన వెనక్కి వస్తుంటే మల్లయ్య గారికి కనిపించాం. ఆయన అరుగు మీది స్తంభం పట్టుకుని లేచి నిలబడ్డారు. డప్పులు వాటంతటవే ఆగిపోయాయి.

"ఏమే, మల్లొచ్చినవ్? ఏమన్న మర్సిపోయినవా?"

ఎవరో పక్కున నవ్వారు. యాదయ్య కూడా నవ్వాడు, నవ్వుతూనే వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆ గ్రిల్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"మంచిగ పోయి రా. నేనొస్త ఎన్క," అన్నారు మల్లయ్య గారు.

మర్నాడే వెళ్లి మా ఆఫీసరు కాళ్లావేళ్లా పడి ఆ సందు తెరిపించాను. ఎక్కువ కాలం గడవలేదు, అందులోంచి మల్లయ్య గారిని నేరుగా తీసుకెళ్లాం. ఒక భుజం నాదే.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఊళ్లో అడుగుపెట్టినా, టీ కూడా తాగకముందే, "మీ శ్మశానం ఎటువైపండీ?" అని అడుగుతాను. జనం నన్ను చూసి గుమ్మాలు వేసుకున్నా సరే.