ఎండబెట్టిన సెల్లుల మీద నేర్చుకున్న పాట

డెబ్బైల నడుమ, బెజవాడ గాంధీనగరంలో ఒక మేడమీద గదిలో ఆదివారం పొద్దుటిపూట మా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా సాధన చేసేది. దానికి పెద్దదిక్కు, అకార్డియన్ వాయించే ఆయన. అందరం మాస్టారూ అనేవాళ్లం. నాది గిటారు. మూడేళ్లు నన్ను డ్రమ్ముల వెనకే కూర్చోబెట్టాడు. పెళ్లివాళ్లు తీయించిన ఒక్క ఫోటోలోనూ నా మొహం పడలేదు. రెండింటిలో మోచెయ్యి మాత్రం ఉంది.

అప్పుడు చల్లపల్లిలో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నాం. పెళ్లికొడుకు అన్నగారు ఓడల్లో పనిచేసేవాడు. తాను తెచ్చుకున్న జమైకా రికార్డు ఒకటి మాస్టారికిచ్చి, ఈ పాట తప్పకుండా ఉండాలన్నాడు. రెగే అంటారట. దాని ప్రాణమంతా గిటారులోనే ఉంది. తాళం దెబ్బ పడేచోట ఊరుకుని, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో తీగల్ని టక్కున కొట్టి ఆపాలి. అది మాలో నాకొక్కడికే చేతనయింది. ఇంగ్లీషు పలకడం కూడా నాదే కాస్త నయం. అలా మొదటిసారి మైకు నాకొచ్చింది. ఈ పాట నిలబెడితే ఇకమీద ముందు వరస నీదేనని మాస్టారు అందరి ముందూ అన్నాడు.

ఆయన రికార్డు ప్లేయరు టార్చిలైటు సెల్లులతో నడిచేది. అవి అయిపోవస్తే పిట్టగోడ మీద ఎండబెట్టి మళ్లీ వేసేవాడు. బెజవాడ ఎండకి చచ్చిన సెల్లయినా లేస్తుందని ఆయన నమ్మకం. లేచేమాట నిజమే, కానీ నీరసంగా లేచేది. రికార్డు మెల్లగా తిరిగేది, గొంతు కిందికి దిగిపోయేది.

"సెల్లులు దిగిపోయినట్టున్నాయండీ మాస్టారూ. పాట ఈడుస్తోంది" అన్నాను.

"ఈడవడం కాదయ్యా, దాని నడకే అంత. నిన్నగాక మొన్న గిటారు పట్టి నాకు శ్రుతి చెబుతున్నావా? ముందు ఆ చెవుల్లో గుబిలి తీయించుకో."

అందరూ నవ్వారు. డ్రమ్ములాయన మరీ పడీపడీ నవ్వాడు.

సరేనని వినిపించినట్టే ఐదు శ్రుతిలో, అంత నెమ్మదిగానూ నేర్చుకున్నాను. నాలుగు వారాలు పట్టింది. అబద్ధమెందుకు, ఆ పాట నన్ను పట్టుకుంది. చెప్పుకునే దిక్కులేక తనలో తాను గొణుక్కుంటూ పోయే మనిషి గొంతు వినిపించేది అందులో.

చల్లపల్లిలో షామియానా కింద, ఇంకా పొద్దు ఉండగానే పాడాను. రెండో చరణంలో ఉండగా ఓడలాయన స్టేజి దగ్గరికొచ్చి చేతులూపాడు.

"ఆపండాపండి! ఇదేం పాటండీ బాబూ? మా తమ్ముడి పెళ్లా, పెదకర్మా? కాళ్లాడాల్సిన పాటండీ ఇది!"

షామియానా అంతా గొల్లున నవ్వింది. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన నా ముందునుంచి మైకు లాక్కున్నాడు.

"ఏమీ అనుకోకండి సార్. కుర్రాడు కొత్త. తాళం ఇంకా పట్టుబడలేదు."

మూడేళ్ల తర్వాత కొత్త. ఇరవై ఎనిమిదేళ్లకి కుర్రాడు. ఆ రెండు మాటలూ ఆయన ఏ గొంతుతో అన్నాడో ఇప్పటికీ అనుకరించి చూపించగలను.

తర్వాతి ఆదివారం కొత్త సెల్లులు కొనుక్కెళ్లాను. రికార్డు ఇంకా మా దగ్గరే ఉంది. అందరూ చూస్తుండగా సెల్లులు మార్చి ముల్లు పెట్టాను. పాట ఒక మెట్టెక్కి ఆరు శ్రుతికి లేచింది. అదే గిటారు, అదే ఖాళీలో దెబ్బ, కానీ గెంతుతోంది. మాస్టారు చివరిదాకా విని ముల్లు తీశాడు.

"చూశారా, కొత్త సెల్లులు కదా, పొగరు మీద ఉరుకుతోంది. నాలుగు రోజులు పోతే అదే దారికొస్తుంది."

"అంతే మాస్టారూ" అన్నాడు డ్రమ్ములాయన. మిగతావాళ్లు తలలూపారు. అందరూ శ్రుతి తెలిసినవాళ్లే. నా కుర్చీ మళ్లీ డ్రమ్ముల వెనక వేసి ఉంది. గిటారు తీసుకుని మెట్లు దిగాను. తర్వాత రెండుసార్లు కబురుపెట్టారు. వెళ్లలేదు.

ఆయన మీద ఇంకో కోపం కూడా ఉంది. ఆ ఆదివారం నేను విన్నది హుషారుగా ఉన్న మనిషి పాట. నాలుగు వారాలు నేను పాడుకున్న దుఃఖం అందులో లేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఐదు శ్రుతిలోనే వస్తుంది. జన్మలో మనసుపెట్టి పాడింది ఆ ఒక్క పాటే. అదీ ఆయన పిసినారితనం చేసిపెట్టిందే.