ఎడమ భుజానికి వేసిన సన్మానం

మొన్న మా ఊరి ఫోటోగ్రాఫర్ల సంఘం వార్షికోత్సవంలో సభ ముగిసేదాకా చెయ్యెత్తి కూర్చున్నాను. మైకు నా దాకా రాలేదు. ఎనిమిదేళ్ల కిందట ఇదే హాల్లో లేచి నిలబడితే కూర్చోబెట్టారు. నేను మరిచిపోయే రకాన్ని కాను. కెమెరాలు బాగుచేసుకునేవాడికి, పట్టీలు కుట్టుకునేవాడికి సభలో మాట్లాడే పనేమిటని వాళ్ల ఉద్దేశం. అందుకే రాసి చెబుతున్నాను.

అది 1998, వానాకాలం. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో ఒక మేడ మెట్ల కింద నా కొట్టు. కెమెరాల రిపేరుతో పాటు స్ట్రాపులు, అంటే కెమెరాను ఒంటికి తగిలించుకునే పట్టీలు, కుట్టేవాణ్ణి. కొనడానికి వచ్చినవాళ్లు మొదట రంగు చూస్తారు, తరవాత మెత్తదనం చూస్తారు. కెమెరా కిందపడేది మాత్రం స్ప్లిట్ రింగు దగ్గర. తాళాల గుత్తికి ఉండే రింగులాంటిదే, చిన్నది, పట్టీని కెమెరాకు కలుపుతుంది. మన సముద్రపు గాలికి పట్టీ చెడదు, ఆ రింగు తుప్పు పట్టి తెరుచుకుంటుంది. ఇక కుట్టు ఒక్క వరస ఉంటే చాలదు. చదరంగా కుట్టి, మధ్యలో ఏటవాలుగా రెండు గీతలు కుట్టిన పట్టీయే బరువుకు ఆగుతుంది. పట్టుచీర మీద నైలాన్ జారిపోతుంది, తోలు గరుకువైపు లోపలికి పెడితే జారదు.

ఈ చివరి సంగతి నాకు చెప్పింది మార్తమ్మగారు. తండ్రి నడిపిన స్టూడియోను అందుకుని, ఇరవై ఏళ్లకు పైగా పెళ్లిళ్లు తీసిన మనిషి. పెళ్లికూతురి గదిలోకి మగవాళ్లను రానివ్వని ఇళ్లలో ఆవిడే కావాలనేవారు. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. కొన్ని నెలలు కనబడక, ఒకరోజు కెమెరాను గుడ్డసంచిలో పెట్టి చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏటక్కా, ఇటేపు రావడమే మానీసేవు?"

"ఆపరేషనైంది తమ్ముడూ. ఎడంపక్క రొమ్ము తీసీసేరు." బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా అంది. "ఎడం భుజం మీద బరువు పెట్టకూడదంట, చెయ్యి వాచిపోద్దంట. కుడి భుజం మీంచి అడ్డంగా వేసుకుంటే పట్టీ కుట్ల మీద రాసుకుంటంది. మెడకేసుకుంటే చర్మం లాగేస్తంది. ఇంక నా ఒంట్లో చోటెక్కడుందో నువ్వే చెప్పు."

"కొన్నాళ్లు పని మానీకూడదా అక్కా?"

"మానీమనేవోళ్లు మా వీధినిండా ఉన్నారు. ఆ మాటకోసం నీ కొట్టు దాకా రావాలేటి? కుడతావా, కుట్టవా?"

కుడతానన్నాను గానీ ఎలాగో తోచలేదు. దారి చూపింది ఆవిడే. జాలరిపేటలో చేపలమ్మే ఆడవాళ్లు నెత్తిన ఎంత బరువున్నా, చేతికి వెంటనే కావలసినవన్నీ నడుం దగ్గరే దోపుకుంటారు. "నాకూ నడుంకే పెట్టు" అంది. అరచెయ్యంత వెడల్పు పట్టీ కోశాను. కుడివైపు కెమెరా వేలాడటానికి కొక్కెం, కుడి మణికట్టుకు ఒక ఉచ్చు. పొడుగాటి పిడి ఉండే పెద్ద ఫ్లాష్ తీసేసి, కెమెరా నెత్తిన కూర్చునే చిన్న ఫ్లాష్ పెట్టాను.

కొట్లోనే తొడిగి చూశాం. పెళ్లికూతురి పారాణి తీస్తున్నట్టు ఆవిడ ముందుకు వంగింది. కొక్కెం జారింది. మణికట్టు ఉచ్చు లేకపోతే కెమెరా నేలకు కొట్టుకునేది. ఆవిడ నవ్వింది. "నాలాగే, సగందాకా పడి ఆగింది." మర్నాడు కొక్కేనికి మర బిగించాను. అది వదిలేసినా పట్టుకునేలా, కెమెరా నుంచి నడుం పట్టీకి ఒక పొట్టి తోలు ముక్క కూడా కలిపాను.

మొదటి పెళ్లి జాలరిపేటలోనే. పట్టీ ఎలా ఆగుతుందో చూడాలని నేనూ వెళ్లాను. ఆవిణ్ణి చూడగానే వాకిట్లో ఒకామె కేక వేసింది.

"ఓలమ్మో, మార్తమ్మ నడుంకి పిస్తోలు కట్టీసింది, సూడండే!"

"కదిలేవంటే కాల్చీగల్ను. నవ్వు!" అని ఆమెనే మొదటి ఫోటో తీసింది అక్క.

అందరూ నవ్వారు. కొంగు కింద పట్టీ కనబడలేదు, జారలేదు. వంగింది, బల్ల ఎక్కింది, పెళ్లికూతురి గదిలోకి వెళ్లి వచ్చింది. అయ్యాక, నొప్పిగా ఉందా అని అడిగాను.

"ఉంది. నీ పట్టీది కాదులే."

ఆ మాటతో నాకు సంతోషం కలగలేదు. పట్టీ ఎంత బాగా కుదిరినా లోపలి నొప్పి దానికి అందదని అప్పుడే తెలిసింది. అయినా ఆవిడ వరసగా పెళ్లిళ్లు ఒప్పుకుంది. ఆవిడ అడిగింది అదొక్కటే. ఉన్నన్నాళ్లూ ఫోటోలు తియ్యాలి.

అంతలో సంఘం వాళ్లు ఆవిడకు సన్మానం పెట్టారు. శాలువా, పూలదండ, విదేశీ కెమెరా పట్టీ. మందంగా, మెత్తగా, మీద కంపెనీ పేరు బంగారు దారంతో. కార్యదర్శి ఆవిడ కెమెరాకే ఆ పట్టీ తగిలించి, దండ వేసినట్టు రెండు చేతులా ఎత్తి, ఎడమ భుజం మీద వేశాడు. పైన శాలువా కప్పాడు. ఆపరేషన్ సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఏ పక్కో మాత్రం ఎవరూ అడగలేదు.

నేను వెనక వరసలోంచి లేచి, "కుడి భుజం, కుడి భుజం!" అని అరిచాను.

"కూకో బావా, టీ వచ్చేస్తంది" అన్నాడు కార్యదర్శి మైకులోనే. హాలంతా నవ్వింది.

తరవాత ఊళ్లోని ఫోటోగ్రాఫర్లంతా వేదిక ముందుకు చేరారు. ఇటు చూడండమ్మా, ఇంకొక్కటమ్మా, కొంచెం నవ్వండమ్మా. చూడటమే పనిగా బతికేవాళ్లు అంతమంది కెమెరాలకు కళ్లు ఆనించి నిలబడ్డారు. ఆవిడ కింది పెదవి పళ్లతో నొక్కిపెట్టడం ఒక్కరికీ కనబడలేదు. అందరూ తీసుకునేదాకా ఆవిడ ఆ బరువు దించలేదు.

ఆ పూట పోయింది భుజం ఒక్కటే కాదు. పెందుర్తి నుంచి ఒక పెళ్లికూతురి తల్లి ఆవిడ కోసం సంఘంలో అడిగితే, "రిటైరైపోయారు, సన్మానం కూడా చేసేసేం" అని చెప్పి వేరేవాళ్లను పంపారు. తరవాత ఆ తల్లి బజారులో అక్కకు కనబడి, "మీరు మానీసేరన్నారు కదమ్మా" అని నొచ్చుకుందట. అలా ఒక్కో ఇల్లూ తప్పిపోయింది.

నేను కార్యదర్శి దగ్గరకు వెళ్లి నిలదీశాను. "అక్క మానీసిందని నీకెవలు చెప్పేరు?"

"అంత జబ్బు మనిషి ఇంకేటి తీత్తాది బావా? గౌరవంగా పంపించేం. మద్దెన నీకేటి బాధ?"

పంపించేం అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

కొన్నాళ్లకు అక్క ఆ విదేశీ పట్టీ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చాలా చిక్కిపోయింది. "తుంటి ఎముక గుచ్చుకుంటంది తమ్ముడూ. దీన్లో స్పాంజి బాగుంది. కోసి నా నడుం పట్టీకి లోపల వేసి కుట్టీ." నా వృత్తిలో అంత ఇష్టంగా దేన్నీ కొయ్యలేదు. కంపెనీ పేరు లోపలివైపుకు తిప్పి కుట్టాను. ఆ మెత్తటి పట్టీతో ఆవిడ తీసిన పెళ్లిళ్లు కొద్దే. జబ్బు తిరగబెట్టింది. ఆఖరిసారి వచ్చినప్పుడు నడుం పట్టీ నా చేతికిచ్చి, "దీన్ని మళ్లీ విప్పీకు. ఇంకెవర్తికైనా కావల్సొస్తది" అంది. ఆ మరుసటి క్రిస్మస్‌కు ఆవిడ లేదు.

ఆ పట్టీ ఇంకా కొట్లో మేకుకు వేలాడుతోంది. వానాకాలంలో బూజు పడితే తుడుస్తాను. ఇప్పుడు పట్టీ కోసం ఎవరొచ్చినా, ఏ కెమెరా అని ముందు అడగను. ఏ భుజం, ఎక్కడైనా నొప్పి ఉందా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు ఒక్క క్షణం ఆగి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని నొప్పి చెబుతారు. మంచి పట్టీ ఆ జవాబుతో మొదలవుతుందని మార్తమ్మగారి వల్ల నేర్చుకున్నాను.

మొన్నటి వార్షికోత్సవంలో అదే కార్యదర్శి, ఇప్పుడు అధ్యక్షుడు, ఆవిణ్ణి తలుచుకుని, "మార్తమ్మగారు తనంతట తానే కెమెరా దించారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తింది అప్పుడే.

ఆవిడ దించలేదు. మీరు దింపారు. అధ్యక్షుడుగారూ, మానేస్తారా అని ఆవిణ్ణి మీలో ఎవరు అడిగారు? ఎప్పుడు అడిగారు? పోనీ అది వదిలేయండి. ఆ రోజు వేదిక మీద, చేతిలో పట్టీ పట్టుకుని, ఏ భుజమమ్మా అని ఒక్కరైనా ఎందుకు అడగలేదు? అదే హాల్లో, అదే మైకులో నాకు జవాబు కావాలి. టీ వద్దు.