ధర చెప్పమన్న అల్మాజ్ అక్క

అల్మాజ్ అక్క తన ఊళ్ళో పిండిమిల్లు పెట్టిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా డ్రైవరు ఓబులేసన్న. ఈ గల్ఫ్ దేశంలో, ఉమ్ సలాల్‌లో నేను పనిచేసే విల్లా వంటగదిలో కాఫీ గింజలు వేయిస్తున్నాను. ఆ వాసనకే మనసు సగం అక్క దగ్గరికి పోయి ఉంది. ఆయన గుమ్మంలో నిలబడి, "మీ ఇథియోపియా అక్క మిల్లు పెట్టిందంట మ్మే. ఇంగ మనల్ని పనికి పిలుస్తాదేమో" అని నవ్వాడు. స్టవ్ ఆపి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

గోదావరి పక్కనుంచి నేను ఈ ఇంటికి వచ్చేనాటికి వంట అక్కదే. బడి ఎరుగని నాకు నాన్న ఇంట్లో నేర్పిన తెలుగు తప్ప మరో భాష రాదు. అరబ్బీ ఆమే నేర్పింది. ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం, ఆరాధనా ఆ రోజే. ఆ పొద్దున ఆమె మెసైమీర్ చర్చికి వెళ్ళేది, నేను ఇంట్లో ఉండిపోయేదాన్ని. ఏ రోజు సెలవు కావాలని మేడమ్ అడిగినప్పుడు "మీ ఇష్టం" అన్నాను మరి. ఆవిడ ఇష్టం మంగళవారమైంది. ఆరాధన కోసం నా ప్రాణం కొట్టుకునేది.

ఒకనాడు గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే అక్క వాళ్ళమ్మ సంగతి చెప్పింది. అక్క చిన్నప్పుడు వాళ్ళ దేశంలో పంటకు ధర ప్రభుత్వమే పెట్టేదట. గింజలు పక్క జిల్లాకు పోకుండా దారిలో కాపలా కూడా ఉండేదట. ఆ పాలన పోయి కాపలాలు ఎత్తేశాక, వాళ్ళమ్మ తొలిసారి జొన్నల బస్తా సొంతంగా సంతకు తీసుకెళ్ళింది. ఎంతకిస్తావని ఎవరడిగినా నోరు పెగల్లేదు. అధికారి ఎవరో వచ్చి ధర చెబుతాడని పొద్దుగూకేదాకా చూసి, నిండు బస్తాతో ఇంటికొచ్చింది. మరుసటి సంతకు దారి పొడుగునా ధర వల్లించుకుంటూ నడిచిందట. తర్వాత ఊరికి రోడ్డొచ్చింది, లారీలొచ్చాయి, ఇళ్ళమీదికి రేకులొచ్చాయి.

"అవన్నీ తర్వాత. ముందు మా అమ్మకు నోరు వచ్చింది" అంది అక్క. "నువ్వింకా ఆ మొదటి సంతలోనే కూర్చున్నావు. యల్లా, లేచి చెప్పు."

నా పని ఒప్పందం మళ్ళీ రాసుకునే రోజున అక్క తలుపు చాటున ఉల్లిపాయలు కోస్తోంది. శుక్రవారాలు కావాలనీ, మధ్యాహ్నం చుట్టాలొచ్చేలోగా తిరిగొస్తాననీ, మంగళవారం వదులుకుంటాననీ చెప్పాను. నెలకు రెండు ఇస్తానంది మేడమ్. అన్నీ కావాలన్నాను.

"ఇది అల్మాజ్ మాట" అందావిడ.

"కాదు మేడమ్, నాదే."

తలుపు చాటునుంచి దగ్గు వినిపించింది. మేడమ్ నవ్వి సరేనంది.

అక్క వెళ్ళిపోయినా, చర్చిలో మోకరించినప్పుడు నేనిప్పుడు ఊరికే "నీ చిత్తం" అనను. కావలసింది పేరుపెట్టి అడిగి, ఆ తర్వాతే ఆ మాట అంటాను. వాళ్ళ దేశంలో వ్యాపారాలకు దారులు ఇంకా తెరుస్తున్నారట. అక్కడి డబ్బు విలువ పడి ధరలు మండుతున్నాయని కూడా ఓబులేసన్న అన్నాడు. అందుకే, మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా, ప్రార్థనలో అల్మాజ్ పేరు ఒక్కసారి తలచుకోండి. చల్లగా చూడమని మాత్రం అడిగి ఊరుకోకండి. ఆమె ఊళ్ళో మిల్లుకు కరెంటు పోకూడదనీ, ఆమె మోకాళ్ళ నొప్పి తగ్గాలనీ విడమరిచి అడగండి.