మూడో స్థానానికి డెబ్బై

మొన్న మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మా వంటింటి బల్ల మీద మా పాప వైట్‌బోర్డు మార్కర్ మూత తీసింది. ఆ ఘాటు వాసన ముక్కుకి తగలగానే సుభద్ర ఆంటీ గుర్తొచ్చారు. చుట్టరికం ఏమీ లేదు. ఇక్కడ మనకంటే కాస్త పెద్దయితే చాలు, అందరూ ఆంటీలే. ఆవిడ ఇక్కడే ఒక యూనివర్సిటీలో చాలా ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. మన ఇళ్ళలో పాలు, కొత్తిమీర అని జాబితా రాసుకునే ఫ్రిజ్ తలుపు మీద ఆవిడ మార్కర్‌తో అంకెలు రాసేవారు. రేపు వాన: వందకి అరవై. ప్లంబర్ చెప్పిన రోజున రావడం: ఇరవై. పోయిన చలికాలంలో ఆవిడ పోయారు. ఆవిణ్ణి ఎరగనివాళ్ళకి చెప్పాలంటే చాలా మంచి మనిషండీ అని మొదలుపెట్టలేను. చాలామందికి ఆవిడంటే చిరాకు. నాకూ ఉండేది.

మొదటిసారి చూసింది ఇక్కడి కేరమ్ డౌన్స్ గుడి క్యాంటీన్‌లో. ఇండియాలో మన రాష్ట్రంలో ఎన్నికలు దగ్గర పడుతున్న రోజులు. రెండు పాత పార్టీలు, ఒక కొత్త పార్టీ. దోసెల లైన్లో నిలబడ్డ మేం నలుగురం అప్పటికే మంత్రి పదవులు కూడా పంచేశాం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కొత్త పార్టీ సీట్లలో సెకండ్ వస్తుంది, పక్కా అని నేను గట్టిగా అన్నాను. వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"వందకి ఎంత పక్కా, బాబూ?"

"పక్కా అంటే పక్కాయే ఆంటీ."

"పక్కా అనేది నంబర్ కాదు. నంబర్ చెప్పు, లేదా లైన్లో ముందుకి కదులు."

నేను ఐటీలో ఉన్నానని తెలిశాక ఆవిడ నన్ను వదల్లేదు. మరుసటి ఆదివారానికల్లా వాళ్ళింట్లో కూర్చుని ఎన్నికల అంచనాల మీద ఆవిడ పెట్టిన మార్కెట్‌కి వెబ్ పేజీ తయారుచేస్తున్నాను. డబ్బు లేదు, అన్నీ పాయింట్లే. చేరినవాళ్ళు ఓ నలభై మంది, అందరూ ఇక్కడి తెలుగువాళ్ళు. ఏ పార్టీ సీట్లలో ఎన్నో స్థానంలో వస్తుందో, దానికో చీటీ. "కొత్త పార్టీకి మూడో స్థానం" అనే చీటీ కొంటే, అది నిజమైతే వంద పాయింట్లు, కాకపోతే సున్నా. నమ్మకమున్నవాడు ఎక్కువ పెట్టి కొంటాడు, లేనివాడు అమ్మేస్తాడు. అలా చేతులు మారి మారి ధర డెబ్బై దగ్గర నిలిచిందంటే, వందకి డెబ్బై పాళ్ళు అలాగే జరుగుతుందని అందరి బుర్రలూ కలిసి చెప్పినట్టు. మొదటి స్థానం మీద ఆవిడకి ఆసక్తి లేదు. "ఫస్ట్ ఎవరో టీ కొట్టు దగ్గర కూడా చెబుతారు. థర్డ్ ఎవరో చెప్పు, చూద్దాం" అనేవారు.

మొదటి వారంలోనే నా పాయింట్లన్నీ తీసుకెళ్ళి కొత్త పార్టీ రెండో స్థానం మీద పెట్టేశాను. ఎందుకని ఆంటీ అడిగితే, మా ఊళ్ళో ఆరుగురికి ఫోన్ చేసి కనుక్కున్నానని గొప్పగా చెప్పాను. "వాళ్ళకి ఎవరు చెప్పారట?" అన్నారు. నాకేం తెలుసు? మళ్ళీ అడగమన్నారు. శనివారమంతా అదే పని. తీరా చూస్తే ఆరుగురూ చదివింది మా బాబాయి పంపిన వాట్సాప్ మెసేజే. బాబాయి ఆ పార్టీకి మండల నాయకుడు.

"ఆరుగురు కాదు నాయనా, మీ బాబాయి ఒక్కడే ఆరు నోళ్ళతో మాట్లాడాడు" అన్నారు ఆంటీ, నా ముందు ఉప్మా పెడుతూ. ఒళ్ళు మండింది. అయినా ఉప్మా తిన్నాను. ఆ తరవాత సొంత లెక్కల మీద నమ్మకం పోయి నాకు మార్కెట్ మీద ఎంత భక్తి కుదిరిందంటే, ఆఫీసులో కూడా దాని గురించే చెప్పి విసిగించేవాణ్ణి.

నామినేషన్లకి నెల ముందు మా అక్క వాయిస్ మెసేజ్ పంపింది. బావ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. కొత్త పార్టీవాళ్ళు ఆయనకి టికెట్ ఇస్తామన్నారు. నిలబడాలంటే ఉద్యోగానికి రాజీనామా చెయ్యాలి. "ఎలాగైనా ఆపరా తమ్ముడూ. నీ మాటైతే వింటారు. పిల్లలిద్దరూ చదువుల్లో ఉన్నారు" అంటూ అక్క ఏడ్చింది. ఆ ఆదివారం మధ్యాహ్నమే బావ ఫోన్ చేశాడు.

"ఏరా, మీ ఆంటీ గారి మార్కెట్ మా పార్టీని ఏమంటోంది?"

స్క్రీన్ నా ఎదుటే ఉంది. మూడో స్థానం, డెబ్బై.

"మూడోదే బావా. పక్కా."

"అంతేనంటావా?"

"నేనంటున్నది కాదు, మార్కెట్ అంటోంది."

బావ టికెట్ వద్దన్నాడు. ఆ సాయంత్రం అక్క నాకు దండాల బొమ్మలు వరసపెట్టి పంపింది. ఒక మంచి పని చేశాననుకున్నాను.

ఫలితాల్లో కొత్త పార్టీ రెండో స్థానంలో వచ్చింది. బావ వద్దన్న టికెట్ తీసుకున్న ఎరువుల కొట్టాయన మంచి మెజారిటీతో గెలిచాడు. వారం తరవాత బావే ఫోన్ చేశాడు. "పోనీలేరా. మీ మార్కెట్ కూడా మన పంచాంగం లాంటిదే. నీ తప్పేముంది" అన్నాడు. నేను అవునన్నాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆంటీ ఇంటికెళ్ళి, మీ మార్కెట్ మా బావని ముంచిందండీ అని ఇదంతా ఒక జోకులా చెప్పాను. ఆవిడ ఫ్రిజ్ మీద పాత అంకెలు తుడుస్తున్నారు. చెయ్యి ఆపి ఇటు తిరిగారు.

"మూడోదని చెప్పావు. మరి ముప్పై ఏం చేశావు?"

"ఏ ముప్పై ఆంటీ?"

"వందలోంచి డెబ్బై తీసేస్తే మిగిలేది."

అక్క ఏడ్చింది ఆంటీ అన్నాను.

"అయితే అక్క ఏడుస్తోంది, మానెయ్యి బావా అని చెప్పాల్సింది. అది నీ మాట. దాన్ని మార్కెట్ నోట్లో పెట్టి చెప్పించావు. డెబ్బై తప్పు కాలేదు. వాన ఇరవై అన్న రోజున కూడా తడుస్తాం. తప్పు నువ్వు పక్కా అనడంలో ఉంది. ఫోన్ చేసి చెప్పు."

"ఇప్పుడు చెబితే ఏం ఒరుగుతుంది?"

"తెలీదు. ఏమీ ఒరగకపోవడానికి ఎనభై. అయినా చెప్పు."

కోపం వచ్చింది. మా కుటుంబం సంగతి ఈవిడకెందుకని రెండు వారాలు అటువైపు పోలేదు. మూడో వారం ఆఫీసు బయట కారులో కూర్చుని బావకి ఫోన్ చేశాను. మార్కెట్ డెబ్బై అనే చెప్పిందని, మిగతా ముప్పై నేనే చెప్పకుండా దాచానని, అక్క అడిగితేనే అలా చేశానని అంతా చెప్పేశాను.

"ముప్పై ఉందా?" అన్నాడు బావ.

"ఉంది బావా."

"మా దగ్గర ముప్పై అయిదొస్తే పాసురా. ముప్పై వచ్చినవాడి పేపరు పట్టుకుని, ఆ అయిదూ ఎక్కడ దొరుకుతాయా అని ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నా. ముప్పై ఉందని నాకు తెలిస్తే నిలబడేవాణ్ణి." మళ్ళీ తనే అన్నాడు, "నాకు చెప్పేశావని అక్కతో అనకు. బాధపడుతుంది."

అక్కకి చెప్పలేదు. ఆంటీకి చెబితే ఆవిడ తల ఊపి టీ పెట్టారు, అంతే. ఇప్పుడు ఎవరేమడిగినా నేను రెండు వైపులా చెబుతాను. ఇంటి ధరలు పెరుగుతాయా, వీసా వస్తుందా, ఆపరేషన్ మంచిదేనా, ఏదైనా సరే, ఇంత అవును, ఇంత కాదు అంటాను. వినేవాళ్ళకి విసుగు. ఆంటీ నేర్పిన పద్ధతి అది, మార్చుకోలేను. బావ మాత్రం ఇప్పటికీ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, వానలు, పిల్లలు, పరీక్షలు అన్నీ మాట్లాడతాడు. ఏదైనా జరుగుతుందా జరగదా అని నన్ను మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.