ఐసు పెట్టె

ఎదురుగా కంచంలో అన్నం ఉంది. దాన్ని ముట్టుకుని ఒట్టేసి చెప్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా ఒట్లకు పత్తికొండలో ఏపాటి విలువుందో నన్నెరిగినవాళ్ళు చెప్పగలరు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్తున్నాను. ఏళ్ళ తరబడి ఇది గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడుపడదు, బయటికీ రాదు.

నాకు పేరున్నదే కోతలకు. మంత్రాలయం దగ్గర తుంగభద్రలో నా చెప్పు మింగిన చేప, మరుసటేడు అదే మెట్టు దగ్గరికొచ్చి తిరిగిచ్చిపోయిందని చెప్తే, టమోటా మండీలో గంపలు దించేవాళ్ళు కూడా పని ఆపి విన్నారు. కానీ ఎవరు విన్నా, నేను చెప్పేది మా అత్త కోసమే. మామ పోయాక మా పక్క వీధిలో ఒక్కతే ఉండేది. ఆదివారం భోజనం అందరికీ అక్కడే. నేను మొదలుపెడితే కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. "ఇంగ చాలప్పా, కడుపు నొస్తాండాది" అనేది. ఆ మాట కోసమే వారమంతా కొత్త అబద్ధం ఒకటి అల్లుకునేవాణ్ణి.

రెండువేల ఐదో, ఆరో సంవత్సరం. అత్తకు బీపీ ఎక్కువైంది. డాక్టరు వేటమాంసం మానమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు, చేప తినమన్నాడు. చేపంటే ఆమెకు హడల్. చిన్నప్పుడు గొంతులో ముల్లు దిగితే ఉత్తన్నం ముద్దలు మింగించారట. నీళ్ళకే కరువైన చోట పుట్టినవాళ్ళకు ముల్లు ఏరుకుని తినే నేర్పు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అప్పుడు దిగాడు నా తోడల్లుడు. మా మరదలి మొగుడు, కర్నూల్లో ఉద్యోగం, తక్కువ మాటల మనిషి. కర్నూల్లో కొత్తగా తెరిచిన పెద్ద అంగట్లో ముల్లు తీసి గడ్డకట్టించిన చేప ముక్కలు ప్యాకెట్లలో అమ్ముతున్నారని కనిపెట్టాడు. థర్మాకోల్ డబ్బాలో ఐసు నింపి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. వాటితో పులుసు పెట్టారు. అత్త భయం భయంగా ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క వడ్డించమంది.

ఆ పులుసులో టమోటాలు నావి. మండీలో నేను ఏరి తెచ్చినవి. వాటి ఊసెత్తినవాళ్ళు లేరు.

ఆ తర్వాత ఆదివారాలన్నీ అతనివైపోయాయి. ఒకసారి, ప్యాపిలి దగ్గర బోరు వేస్తే నీళ్ళకు బదులు మజ్జిగ పడిన కథ మంచి పట్టులో ఉండగా అత్త చెయ్యెత్తింది.

"ఉండప్పా, చిన్నల్లుడు ప్యాకెట్టు సంగతి చెప్తాండాడు."

ప్యాకెట్టు సంగతి. పొడి అద్ది నూనెలో వేసినవి వద్దట, వాటిలో ఉప్పు ఎక్కువట, వట్టి ముక్కలే కొనాలట. ప్యాకెట్లో మంచు పలుకులు పలుకులుగా పేరుకుని ఉంటే, మధ్యలో కరిగి మళ్ళీ గడ్డకట్టి ఉండొచ్చు కాబట్టి వదిలెయ్యాలట. తేదీ చూడాలట. ఒకసారి కరిగాక మళ్ళీ గడ్డకట్టించకుండా ఆ పూటే వండుకోవాలట. ఒక్క నవ్వు లేదు, ఒక్క మలుపు లేదు. అయినా అత్త కళ్ళార్పకుండా విన్నది. నా భార్య కూడా విన్నది. ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి కూడా మనుషులు అలా వింటారని అప్పటిదాకా నాకు తెలియదు. తెలిశాక సగం కంచం వదిలేసి లేచాను.

రెండ్రోజులాగి ఒక్కణ్ణే అత్త దగ్గరికి పోయాను.

"అత్తా, ఐసు పెట్టె అంటే తెలుసు కదా?"

"తెలీకేమప్పా. మొన్న ఎదురింటి పెద్దాయన్ను పండబెట్టినారే, కూతురొచ్చేదాకా."

మా ఊరికి తెలిసిన ఐసు పెట్టె అదొక్కటే. పైన అద్దం మూత, లోపల శవం.

"కర్నూల్లో ఆ పెట్టెలు బాడిగకిచ్చేటోడు, చేపలమ్మేటోడు ఒకడేనంట. పీనుగ లేని రోజు పెట్టె ఖాళీగా ఎందుకని..."

సగంలో ఆపాను. ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. ఆమె నవ్వుతుందనుకున్నానా? నవ్వితే అదీ ఒక కోతయి పోయేదని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఆమె నవ్వలేదు. పెరట్లోకి పోయి వాంతి చేసుకుంది. అప్పుడైనా ఊరికే అన్నానని అనొచ్చు. అనలేదు. వీపు నిమిరి, "చిన్నోనికి చెప్పద్దత్తా, బాధపడతాడు" అన్నాను.

ఆమె తలూపింది. చెప్పలేదు. "నాకు పడలేదప్పా" అని మాత్రం అన్నది. పాపం, అతను తన ఎంపికలోనే తప్పుందనుకున్నాడు. ఇంకో రకం తెచ్చాడు. అంగడి మార్చాడు. ప్యాకెట్టును కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసేవాడు. ఆమె ముట్టలేదు. చివరికి డబ్బా తేవడం మానేశాడు. కడపకు బదిలీ అయ్యాక రావడమూ తగ్గింది. అత్త మళ్ళీ వేటకూరకొచ్చింది. మజ్జిగ బోరు కథ మొదటినుంచీ చెప్పించుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు బాగానే ఉండింది. అది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

కొన్నేళ్ళకు పక్షవాతం వచ్చి, ఆ ఎండాకాలంలోనే పోయింది. చేప తింటూ ఉంటే బతికేదా? డాక్టరును అడగలేదు. బతికేదంటాడని భయమా, తెలియదంటాడనా?

కడప నుంచి వాళ్ళొచ్చేదాకా ఉంచాలి. ఎండలు మండుతున్నాయి. ఐసు పెట్టె తెప్పించింది నేనే. తోడల్లుడు వచ్చాడు. అద్దం మీద చెమ్మ తుడిచి చాలాసేపు చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"ఈ పెట్టేనా అన్నా, నువ్వు చెప్పింది? అత్త నాకు ఎప్పుడో చెప్పింది."



కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. ఎక్కడ ఆపాలో తెలుసన్నాను కదా. కానీ ముందున్న అన్నం చల్లారిపోతోంది, దాని మీద వేసిన ఒట్టు గుర్తొస్తోంది. ఆ మాట నేను కల్పించాను. అతను అలా అనలేదు. అతనికి తెలియదు, ఈ రోజుకీ తెలియదు. అత్త నాకిచ్చిన మాట నిలబెట్టుకునే పోయింది. కనీసం రాతలోనైనా ఎవరో ఒకరు నన్ను పట్టుకుంటే బాగుండుననిపించింది, అంతే.

అతను నిజంగా అన్నది ఇది.

"ఆ చేపలు ఆమెకు ఎందుకు పడకపాయనో ఇప్పటికీ తెలీదన్నా. ఏరడంలో నేనే యాడో తప్పు చేసినా."

నేను అతని భుజం మీద చెయ్యేశాను. "పోనీలేప్పా, తెలీక చేసినావు" అన్నాను.

చెప్పేశాను. ఇక ఈ అన్నం తింటాను.