మూడూళ్ల ఫుట్‌బాల్‌కు ఒకటే షీల్డు

పోయిన ఎండాకాలం సూర్యాపేట గ్రౌండులో పాత ఫుట్‌బాల్ ఆటగాళ్లమంతా కలుద్దామనుకున్నాం. అక్కడి రిటైర్డ్ పీఈటీ సారు ఒక షీల్డు కూడా చేయించాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ క్లబ్బుల్లో చరిత్ర మొత్తం మీద గొప్పదేదో తేల్చి దానికివ్వాలని ఆయన కోరిక. తేల్చే పని ముగ్గురి మీద పడింది. సూర్యాపేటకు సారు, కోదాడకు మా బావమరిది, మిర్యాలగూడకు నేను. వాళ్లిద్దరూ మా ఇంటికే వచ్చారు.

"ఎన్ని కప్పులు గెలిచిన్రో కాదు, ఎన్నేండ్లు నిలబడ్డరో సూడాలె" అన్నాడు సారు. అన్నిటికంటే పాత క్లబ్బు వాళ్లదే మరి.

మా బావమరిది ఒప్పుకోలేదు. "మీ తాతలు గెలిచింది ఎవరు చూశారు సార్? ఈమధ్య గెలిచినవాటికే ఎక్కువ మార్కులెయ్యాలి." ఈమధ్య గెలిచింది కోదాడ.

నేను మాత్రం న్యాయంగా మాట్లాడాను. ఎంత బలమైన జట్టును ఓడించారన్నదే ముఖ్యమన్నాను. మేము మా మొత్తం చరిత్రలో ఒకసారి హైదరాబాదు జట్టును ఓడించాం. ఆ రోజు వాళ్ల గోల్‌కీపర్‌కు జ్వరమన్న సంగతి సారుకు గుర్తుండటం నా దురదృష్టం.

గొంతులు లేచాయి. మిరపకాయ బజ్జీలు తెచ్చిన మా ఆవిడ పళ్లెం టీపాయ్ మీద పెట్టి అక్కడే నిలబడింది.

"మా టీమ్ ఎన్నో నంబరు?"

పెళ్లికి ముందు ఆమె కోదాడ ఆడపిల్లల జట్టులో ఆడేదని నాకు తెలుసు. ఏదో స్కూల్ ఆట అనుకున్నాను.

"అది క్లబ్బు కాదుగా అక్కా" అన్నాడు బావమరిది.

"మీ క్లబ్బుకు ఏముండేదిరా? ఒక బంతి. అదీ మా దగ్గర అడుక్కుపోయిందే."

వాడు బజ్జీ అందుకున్నాడు. సారు మాత్రం గుర్తు చేసుకుంటున్నాడు. "వీళ్ల మ్యాచ్‌లకు నేనే రెఫరీ. ఒక్కటి గూడ ఓడలే. కాని ఎక్కువేండ్లు ఆడలే గదమ్మా! చరిత్రంటే నిలబడాలె."

"మాకు ఆట నేర్పే మేడమ్‌కు ట్రాన్స్‌ఫర్ అయింది. ఇంకొకరిని వెయ్యలేదు. ఆట ఆపింది మేమా సార్?"

ఆ మాటతో సారే తేల్చేశాడు: "ఇగ ఖతం. షీల్డు వీళ్లదే."

కలుసుకునే రోజున ఆ పాత జట్టులో దొరికినవాళ్లు మా ఆవిడతో కలిపి నలుగురు వచ్చారు. ఒకామె మనవణ్ని కూడా ఎత్తుకొచ్చింది. షీల్డు ఇచ్చాక సారు ఉత్సాహంగా గోల్‌పోస్టు ముందు నిలబడి, "కొట్టున్రి సూద్దాం" అన్నాడు. మా ఆవిడ చెప్పులు విడిచి, కొంగు బిగించి, ఎడమకాలితో కొట్టింది. సారు కుడివైపు దూకాడు. బంతి ఎడమవైపు పోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఎడమకాలి సంగతి నాకు తెలియకపోవడం ఆశ్చర్యమే. నలుగురూ ఒకరినొకరు పట్టుకుని, బడి పిల్లల్లా కేకలు పెట్టారు.

"కండ్లల్ల ఎండ వడ్డది" అన్నాడు సారు, దుమ్ము దులుపుకుంటూ.

మర్నాడు పొద్దున్నే బావమరిది ఫోన్ చేశాడు. "బావా, వాళ్లది కోదాడ టీమే కదా. అంటే చరిత్రలో కోదాడే ఫస్ట్. షీల్డు పంపించు."

ఫోన్ ఆమెకిచ్చాను.

"వచ్చి తీసుకుపోరా" అంది. "వచ్చేటప్పుడు మా బంతి తీసుకురా."